నాన్నకిచ్చే మత్తు ఈ రోజు ఎంత తగ్గింది?

వరంగల్ దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పేరు వద్దన్నారు.

వాళ్ళ నాన్నగారికి 67 ఏళ్ళు. నలభై ఏళ్ళు బీడీ తాగిన మనిషి, ఏడేళ్ళుగా సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు ఉంది. ఇన్‌హేలర్ వాడుకుంటూ, పొద్దున్నే పొలం వరకూ నడిచి వచ్చేంత ఓపికతోనే ఉండేవారట. న్యుమోనియా వచ్చి ఆయాసం పెరిగితే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు. ఉత్తరం రాసేనాటికి అది పదకొండో రోజు.

రోజూ పొద్దున ఐసీయూ తలుపు తెరుచుకుంటుంది, ఒక మందుల చీటీ చేతికొస్తుంది. ఆవిడ కింద ఫార్మసీకి పరుగెత్తి మందులు తెచ్చి ఇస్తారు. సాయంత్రం అయిదింటికి పది నిమిషాలు లోపలికి పంపిస్తారు. అంతకు మించి ఏమీ తెలియదు. చీటీలన్నీ చీరల షాపు కవర్లో దాచుకున్నారు. మెడికల్ షాపు నడిపే మరిది వచ్చి అవి చూసి, "వదినా, ఇది మత్తు మందు, ఇదేమో ఒళ్ళు కదలకుండా చేసేది. బిల్లు కోసం మామయ్యను పడుకోబెట్టి ఉంచుతున్నారు" అన్నాడట. డాలస్‌లో ఉన్న తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, డాక్టర్లని ఏమీ అడగకు, కోపమొస్తే సరిగ్గా చూడరు" అన్నాడట.

ఎనిమిదో రోజు నాన్నగారు కళ్ళు తెరిచి ఈవిడను చూశారు, పెదాలు కదిపారు. మర్నాడు వెళ్ళేసరికి మళ్ళీ మత్తులో ఉన్నారు. చేతులు రెండూ మంచానికి కట్టేసి ఉన్నాయి. రాత్రి గొట్టం పీక్కోబోయారని, అందుకే మత్తు పెంచామని సిస్టర్ చెప్పింది. ఇప్పుడు గొంతు దగ్గర రంధ్రం చేయాలి, సంతకం పెట్టమంటున్నారు. "మత్తు ఆపమని అడిగే హక్కు నాకుందా? ఆయనకు నొప్పి తెలుస్తోందా? ఇన్ని రోజులిస్తే ఈ మందులు అలవాటైపోవా? వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళనా? ఎవరి మాట వినను?" ఇవీ ఆవిడ ప్రశ్నలు. చీటీల్లోని మందుల పేర్లు తేదీలవారీగా రాసి పంపారు.

*

అమ్మా, ముందు మీ చీటీల గురించే చెప్తాను. నేను ముప్పై ఏళ్ళు మత్తు డాక్టరుగా ఐసీయూల్లో పనిచేశాను. రోగి ఇంటివాళ్ళు ఇంత పొందికగా రాసిపెట్టుకోవడం చాలా తక్కువ చూశాను. మీ నాన్నగారిని నేను చూడలేదు, కేస్ షీట్ నా ముందు లేదు. కాబట్టి ఆయన వైద్యం సరైందో కాదో ఇక్కడ కూర్చుని తేల్చను. కానీ మీరు రాసిన పేర్లు, తేదీలే కొన్ని విషయాలు చెప్తున్నాయి.

మీ మరిది అన్నదాన్ని వాటితో పోల్చి చూద్దాం. ఒళ్ళు కదలకుండా చేసే మందు అంటే అట్రాక్యూరియం. అది మీ జాబితాలో మొదటి మూడు రోజుల్లోనే ఉంది, నాలుగో రోజు నుంచి ఎక్కడా లేదు. కనుక పదకొండు రోజులూ ఆయనను కదలకుండా పడేశారన్న మాట నిజం కాదు. ఆ మూడు రోజులూ ఎందుకిచ్చి ఉంటారో చెప్తాను. సీఓపీడీ ఉన్న ఊపిరితిత్తుల్లోకి గాలి పోవడం కంటే బయటికి రావడం కష్టం. లోపలి గాలి పూర్తిగా వెళ్ళకముందే ఇంకో శ్వాస వచ్చి పడితే, గాలి మీద గాలి పేరుకుంటుంది. ఛాతీ బిగుసుకుంటుంది, బీపీ పడిపోతుంది. అందుకని వెంటిలేటర్‌ను నెమ్మదిగా నడిపి, గాలి వదలడానికి ఎక్కువ సమయం ఇస్తారు. కానీ ఆయాసంతో ఉన్న మనిషి నిమిషానికి ముప్పై, నలభై సార్లు ఊపిరి లాగబోతాడు. యంత్రం ఒకవైపు, మనిషి ఒకవైపు లాగుతుంటారు. ఆ పోట్లాట ఆపడానికి మొదట మత్తు, అది చాలకపోతే కొద్ది గంటలో, ఒకట్రెండు రోజులో కండరాలను వదులు చేసే మందు ఇస్తారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్ళకు 48 గంటలు ఇలాంటి మందు ఇస్తే మేలని 2010లో ఫ్రాన్స్‌లో చేసిన పరీక్ష చెప్పింది. 2019లో అమెరికాలో చేసిన పెద్ద పరీక్షలో ఆ మేలు కనపడలేదు. అందుకే ఇప్పుడు అందరికీ ఇవ్వరు, అవసరమైతే ఇచ్చి తొందరగా ఆపేస్తారు. మీ నాన్నగారికి తొందరగానే ఆపారు.

అయితే మీ మరిది అనుమానంలో ఒక ముక్క మాత్రం గట్టిదే. మిడజోలం. అది మొదటి రోజు నుంచి పదకొండో రోజు దాకా ప్రతి చీటీలోనూ ఉంది. పక్కన ఫెంటనిల్ కూడా ఉంది.

ఈ రెండూ ఒకటి కాదు. ఫెంటనిల్ నొప్పికి, మిడజోలం నిద్రకి. నోట్లోంచి గొంతులోకి వేసిన గొట్టం చిటికెన వేలంత లావుంటుంది. సిస్టర్ తెమడ లాగడానికి సన్నటి పైపు లోపలికి పంపిన ప్రతిసారీ గుండెలదిరేలా దగ్గొస్తుంది. కాబట్టి "నొప్పి తెలుస్తోందా" అన్న మీ ప్రశ్నకు జవాబు, మందు లేకపోతే తెలుస్తుంది. ఫెంటనిల్ ఉన్నది అందుకే. నోరు తెరిచి చెప్పలేని రోగికి నొప్పి ఎంతుందో తెలుసుకోవడానికి నుదురు ముడిపడుతోందా, చెయ్యి బిగుస్తోందా, యంత్రంతో కలిసి ఊపిరి తీసుకుంటున్నాడా అని చూసి సిస్టర్లు మార్కులు వేస్తారు. మీరు లోపలికెళ్ళినప్పుడు నాన్నగారి నుదురు చూడండి. ఆ ముఖం అందరికంటే మీకే బాగా తెలుసు. ముడిపడి ఉంటే అక్కడున్న సిస్టర్‌కి చెప్పండి.

ఇక మిడజోలం సంగతి. ఇది చవకైన, బీపీ మరీ పడిపోకుండా పనిచేసే మందు. తొలి రోజుల్లో నార్‌అడ్రినలిన్ ఉన్నట్టు మీరు రాశారు. అంటే బీపీ నిలబెట్టడానికే మందు కావలసి వచ్చింది. ఆ పరిస్థితిలో మిడజోలం ఎంచుకోవడం అర్థమవుతుంది. కానీ రోజులు గడిచేకొద్దీ అది ఒంట్లో పేరుకుంటుంది. వయసు మీరినవాళ్ళలో, కిడ్నీ మందగించినవాళ్ళలో ఇంకా ఎక్కువ. మీ ఉత్తరం చివర్లో, ఏదో మామూలు సంగతిలా, "క్రియాటినిన్ 2.4 అన్నారు" అని రాశారు. అమ్మా, క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, నా దృష్టిలో ఆ అంకె మామూలు సంగతి కాదు. కిడ్నీ సరిగ్గా పనిచేయని మనిషిలో మందు ఎక్కించే పంపు ఆపేసినా మిడజోలం మత్తు ఒకరోజు, రెండు రోజులు కూడా వదలకపోవచ్చు. "మత్తు ఆపినా లేవట్లేదు" అని రేపు ఎవరైనా అంటే కంగారు పడకండి, ఇది గుర్తు పెట్టుకోండి.

ఇక్కడే మీరు అడగవలసిన ప్రశ్న మారాలి. "మత్తు ఎందుకిస్తున్నారు?" అంటే డాక్టరుకు అది నిలదీసినట్టు వినపడుతుంది. "వెంటిలేటర్ మీదున్న పేషెంటుకి మత్తు తప్పదమ్మా" అని ఒక్క ముక్కలో ముగించేస్తారు, అది అబద్ధమూ కాదు. "డాక్టరుగారూ, ఈ రోజు మత్తు ఆపి చూశారా? ఎంతసేపటికి కళ్ళు తెరిచారు? సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్ష పెట్టారా?" అని అడగండి. దీనికి జవాబు చెప్పాలంటే ఆయన చార్టు చూడాల్సిందే.

ఇది నేను కల్పించి చెప్తున్న ప్రశ్న కాదు. 2000వ సంవత్సరంలో చికాగోలో 128 మంది రోగుల మీద ఒక పరీక్ష చేశారు. రోజుకోసారి మత్తు పంపు ఆపి, రోగిని లేవనిచ్చి, అవసరమైతేనే మళ్ళీ మొదలుపెట్టారు. అలా చేసినవాళ్ళు సగటున 4.9 రోజుల్లో వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు, చేయనివాళ్ళకు 7.3 రోజులు పట్టింది. మత్తు ఆపడం, వెంటనే ఊపిరి పరీక్ష పెట్టడం రెండూ జోడిస్తే ఇంకా మంచిదని 2008లో తేలింది. పిలిస్తే కళ్ళు తెరిచేంత తేలిక మత్తు చాలని, వీలైతే మిడజోలం బదులు ప్రొపొఫాల్ కానీ డెక్స్‌మెడిటొమిడిన్ కానీ మేలని 2013 నుంచి ఐసీయూ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

మార్చమని అడిగితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ప్రొపొఫాల్ పాలలా తెల్లగా ఉంటుంది, ఆపగానే మనిషి తొందరగా తేరుకుంటాడు. కానీ బీపీని దించుతుంది. రోజుల తరబడి ఇస్తే రక్తంలో కొవ్వు పరీక్షలు చేస్తుండాలి. డెక్స్‌మెడిటొమిడిన్ ఇస్తే పిలిచినప్పుడు పలుకుతారు, ఊపిరి కూడా అంతగా మందగించదు. కానీ గుండె వేగం తగ్గిపోవచ్చు, ఖర్చూ ఎక్కువే. ఈ మూడింట్లో ఏది అన్నది మీ నాన్నగారి బీపీ, గుండె వేగం చూసి ఆ డాక్టరే తేల్చాలి. "మార్చే వీలుందా, లేకపోతే ఎందుకు లేదు?" అని అడిగే హక్కు మాత్రం మీకు పూర్తిగా ఉంది. ఆపమని పట్టుబట్టకండి. వారం దాటిన మత్తును, ఫెంటనిల్‌ను ఒక్కసారిగా ఆపేస్తే చెమటలు, వణుకు, గుండెదడ, అల్లాడిపోవడం వస్తాయి. మీరు భయపడ్డ 'అలవాటు' ఇదే. ఒళ్ళు మందుకు అలవాటు పడుతుంది, మెల్లగా తగ్గిస్తే సర్దుకుంటుంది. ఇంటికొచ్చాక ఆ మందు కోసం వెతుక్కునే వ్యసనంతో దీన్ని కలపకండి.

ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు జరిగింది ఇప్పుడు మళ్ళీ చూడండి. ఆయన కళ్ళు తెరిచారంటే ఎవరో మత్తు తగ్గించి చూశారన్నమాట. ఆ రాత్రి గొట్టం మీదికి చెయ్యి పోయింది. గొట్టం లాక్కుంటే ఆయనలాంటి మనిషికి నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది, సిస్టర్ భయపడడంలో తప్పు లేదు. కానీ ఒక రాత్రి గలాటా తర్వాత పెంచిన మత్తును మళ్ళీ దించేవాళ్ళు కావాలి. డ్యూటీలు మారుతుంటాయి, పంపు మీద అంకె మాత్రం అలాగే ఉండిపోతుంది. నా కళ్ళముందే చాలాసార్లు ఇలా జరిగింది. నా డ్యూటీలోనూ జరిగింది. రాత్రి గంటకు 3 ఎం.ఎల్. అని పెట్టినది మర్నాడు మధ్యాహ్నం రౌండ్స్‌లో ఎవరో "ఇది ఇంకా మూడేనా?" అనేదాకా అలాగే నడిచింది. ఎవరి దురుద్దేశమూ లేదు, కానీ రోగికి ఆ సమయం పోయింది పోయినట్టే. మీరు రోజూ అడగాలంటున్నది అందుకే.

చేతుల కట్లు చూస్తే ఏ కూతురికైనా కడుపు తరుక్కుపోతుంది. మీరున్న ఆ పది నిమిషాలూ, "నేను చెయ్యి పట్టుకునే ఉంటాను, ఒక్క చెయ్యి విప్పుతారా?" అని సిస్టర్‌ని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. కట్టిన చోట దూది మెత్తగా ఉందో లేదో, వేళ్ళు చల్లబడ్డాయో లేదో చూడండి.

ఇక మిగతా చీటీ. లెవోసాల్బుటమాల్, ఇప్రాట్రోపియం రెస్పూల్స్ ఊపిరి గొట్టాలను తెరుస్తాయి. సీఓపీడీకి ఇవి కావలసినవే. వెంటిలేటర్ పైపులోంచే పొగలా పంపిస్తారు. వీటివల్ల గుండె వేగం పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, అందుకే రోజూ రక్తపరీక్ష. ఎసిటైల్ సిస్టీన్ సంగతి వేరు. మంచం దగ్గర కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందని రాశారు చూడండి, ఆ వాసన ఈ మందుదే, ఇన్ఫెక్షన్ వాసన అనుకుని హడలిపోకండి. చిక్కటి తెమడను పలుచన చేయడానికి ఇస్తారు. అయితే నెదర్లాండ్స్‌లో 922 మంది మీద పరీక్ష చేసి 2018లో ప్రకటించినదాని ప్రకారం, దీన్ని సాల్బుటమాల్‌తో కలిపి ఆరుగంటలకోసారి లెక్కప్రకారం ఇచ్చినా, అవసరమైనప్పుడే ఇచ్చినా వెంటిలేటర్ రోజుల్లో తేడా రాలేదు. లెక్కప్రకారం ఇచ్చినవాళ్ళలో గుండెదడ, అలజడి మాత్రం ఎక్కువ కనపడ్డాయి. పైగా ఈ మందు కొందరిలో ఊపిరి గొట్టాలను బిగదీస్తుంది. "తెమడ ఇంకా చిక్కగానే ఉందా, ఈ మందు రోజుకు నాలుగుసార్లు కావాలా?" అని అడగడం న్యాయమైన ప్రశ్నే.

పాంటప్రజోల్ కడుపులో రక్తస్రావం కాకుండా. ఎనాక్సాపరిన్ కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా, కిడ్నీని బట్టి దాని డోసు చూసుకోవాలి. ఇవి వెంటిలేటర్ రోగులకు మామూలే. వీటి మీద మీ శక్తి ఖర్చు పెట్టకండి.

రెండింటి గురించి మాత్రం తప్పక అడగండి. ఒకటి కొలిస్టిన్. ఆరో రోజున మొదలైంది. మొండి బ్యాక్టీరియాకు వాడే మందు, కిడ్నీలను దెబ్బతీయగలదు. క్రియాటినిన్ పెరగడానికి అదే కారణమని నేను అనను, ఇన్ఫెక్షన్ వల్లా పెరుగుతుంది. ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ రిపోర్టులో ఏమొచ్చింది, ఇంకెన్ని రోజులు, కిడ్నీకి తగ్గట్టు డోసు మార్చారా అన్నవి తెలుసుకోండి. రెండోది హైడ్రోకార్టిసోన్. ఆయాసానికి, న్యుమోనియాకి కొద్ది రోజులు స్టెరాయిడ్ మేలు చేస్తుంది. ఎక్కువ రోజులైతే షుగర్ పెరుగుతుంది, కండరాలు నీరసిస్తాయి. ఊపిరి తీసుకునేదీ కండరాలతోనే కదా. ఎప్పటికి ఆపుతారో అడగండి.

గొంతు రంధ్రం, అంటే ట్రాకియాస్టమీ సంతకం గురించి. ఇది "ఇక లేవరు" అని చెప్పే ఆపరేషన్ కాదు. నోట్లో గొట్టం పోతుంది కాబట్టి మత్తు బాగా తగ్గించవచ్చు, తెమడ తీయడం సులువవుతుంది, కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. తర్వాత గొట్టం తీసేస్తే రంధ్రం చాలామందికి దానంతటదే మూసుకుపోతుంది. మరోవైపు రక్తం కారడం, ఇన్ఫెక్షన్, గొంతు సన్నబడడం లాంటివి కొందరికి వస్తాయి, ఇంటికెళ్ళినా కొన్నాళ్ళు జాగ్రత్తగా చూసుకునేవాళ్ళు కావాలి. బ్రిటన్‌లో 909 మందితో చేసి 2013లో ప్రకటించిన పరీక్షలో, నాలుగు రోజుల్లోపు చేసినా, పది రోజులు దాటాక చేసినా ప్రాణాలు నిలవడంలో తేడా లేదు. పది రోజులు ఆగమన్న గుంపులో సగానికి పైగా మందికి అసలు ఆ ఆపరేషన్ చేయనే లేదు. మీ నాన్నగారు ఆ పది రోజులూ దాటేశారు. కాబట్టి సంతకానికి ముందు ఒక్క మాట అడగండి: "మత్తు పూర్తిగా దించి ఊపిరి పరీక్ష ఎన్నిసార్లు పెట్టారు, ఎక్కడ ఫెయిలయ్యారు?" రెండు మూడుసార్లు సరిగ్గా పెట్టి ఫెయిలైతే నేనైతే సంతకం పెట్టేదాన్ని. ఒక్కసారీ పెట్టకపోతే, ఒకట్రెండు రోజులు ఆగి ప్రయత్నించి చూద్దామా అని అడుగుతాను. అలా ఆగితే ఆ రోజుల బిల్లు పడుతుంది, నోట్లో గొట్టం బాధ ఇంకా ఉంటుంది. అదీ లెక్కలో వేసుకోండి.

వేరే ఆస్పత్రికి మార్చడం చివరి దారిగా ఉంచుకోండి. అంబులెన్స్‌లో వెంటిలేటర్ మార్పిడి, గొట్టం కదలడం, బీపీ పడడం, ఇవన్నీ నిజమైన ప్రమాదాలు. పైగా కొత్తచోట మత్తు మళ్ళీ మొదటి నుంచి. దానికంటే ముందు రిపోర్టుల కాపీలు తీసుకుని ఇంకో ఐసీయూ డాక్టరుకు చూపించండి. అడిగిన 72 గంటల్లోగా కేస్ రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళి చెప్తోంది. రాతపూర్వకంగా, మర్యాదగా అడగండి. డబ్బు ఇబ్బంది అయితే మెరోపెనెం లాంటి యాంటీబయోటిక్స్ ఏ కంపెనీవి రాస్తే ఎంత తేడా వస్తుందో మీ మరిదికి బాగా తెలుసు, ఆ పని ఆయనకు అప్పజెప్పండి. వాడని వయల్స్ తిరిగిచ్చేయొచ్చో కూడా కనుక్కోమనండి. కోపం బదులు పని దొరుకుతుంది ఆయనకి.

తమ్ముడితో ఒక మాట చెప్పండి. అడిగినందుకు రోగిని సరిగ్గా చూడని డాక్టరును నేను అరుదుగానే చూశాను. అందరూ తలా ఒక మాట అడిగితే విసుక్కోవడం మాత్రం చాలా చూశాను. అందుకని ఇంటి తరఫున మీరొక్కరే అడగండి, రోజూ ఒకే వేళకి, రాసుకున్న కాగితంతో. తమ్ముడిని వారానికి రెండుసార్లు ఆ వేళకే ఫోన్‌లో కలపండి.

ఇంకొకటి. మత్తు దిగేటప్పుడు నాన్నగారు మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. గోడ మీద పాములున్నాయనవచ్చు, తిట్టవచ్చు. దాన్ని డెలీరియం అంటారు, ఎక్కువమందిలో తగ్గిపోతుంది. దానికి ఖచ్చితంగా పనిచేసే మాత్ర అంటూ లేదు. కళ్ళద్దాలు, చెవి మిషన్, పగలు వెలుతురు, తెలిసిన గొంతు, ఇవే ఎక్కువ సాయం చేస్తాయి. ఆయన కళ్ళద్దాలు ఇంట్లోనే ఉన్నాయని రాశారు. రేపు తీసుకెళ్ళండి. లోపలికి వెళ్ళగానే మీ పేరు చెప్పండి, ఈ రోజు ఏ వారమో, ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పండి. అమ్మగారు ప్రయాణం చేయలేరన్నారు కదా, ఆవిడ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి చెవి దగ్గర వినిపించండి. పొలంలో ఏం వేశారో, ఎవరు నీళ్ళు పెడుతున్నారో ఆవిడనే చెప్పమనండి.